జనగణనకు పట్టణం, చట్టానికి గ్రామం

విజయనగరం జిల్లాలోని చీపురుపల్లి 2011 జనగణనలో పట్టణంగా నమోదైంది. పంచాయతీరాజ్ చట్టం దృష్టిలో మాత్రం అది గ్రామమే. అక్కడ పురపాలక సంఘం లేదు, కౌన్సిలర్లు లేరు, కమిషనర్ లేడు. ఉన్నది సర్పంచ్, వార్డు సభ్యులు, పంచాయతీ కార్యదర్శి. జనాభా అయిదు వేలు దాటి, పనిచేసే మగవారిలో నాలుగింట మూడు వంతుల మంది వ్యవసాయేతర వృత్తుల్లో ఉండి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది నివసించే ఊరిని, దానికి పురపాలక హోదా లేకపోయినా, జనగణన శాఖ తన లెక్కల కోసం పట్టణంగానే పరిగణిస్తుంది. అలాంటి ఊళ్లకు జనగణన పట్టణాలని పేరు. ఇదే జిల్లాలోని కొత్తవలస, గజపతినగరం, గరివిడిని ఆనుకున్న శ్రీరాంనగర్ కూడా ఆ జాబితాలోవే. ఈ గుర్తింపు వల్ల ఊరికి ఒక్క రూపాయి ఎక్కువ రాదు, ఒక్క ఉద్యోగి అదనంగా చేరడు. ఊరి స్వభావం మారిపోయిందనీ, దాన్ని నడిపే యంత్రాంగం మాత్రం మారలేదనీ ప్రభుత్వమే తన పుస్తకంలో రాసుకున్నట్లు అవుతుంది, అంతే.

ఆ మార్పు ఒక్కరోజులో వచ్చింది కాదు. మద్రాసు రాష్ట్ర కాలంలో విశాఖపట్నం జిల్లా తాలూకా కేంద్రాల్లో ఒకటైన చీపురుపల్లి, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక అందులో కొనసాగి, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టినప్పుడు సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం తాలూకాలతో పాటు కొత్త జిల్లాలోకి వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు మండల కేంద్రమైంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రం కూడా అయింది. హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గం మీద స్టేషను ఉండటం, చుట్టుపక్కల మాంగనీసు గనులూ గరివిడి దగ్గర ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారమూ వెలియడం వల్ల పల్లెల నుంచి పనికి, చదువుకి, బేరానికి, కచేరీ పనులకి వచ్చిపోయే జనం పెరిగారు. ఊరిని పెద్దది చేసింది సాగు భూమి కాదు, ఈ రాకపోకలే.

పంచాయతీ కష్టాలకు మూలం కూడా అక్కడే ఉంది. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే మనిషి ఊళ్లో టీ తాగుతాడు, భోజనం చేస్తాడు, మూత్రశాల కోసం వెతుకుతాడు, అరటి తొక్కా ప్లాస్టిక్ కవరూ ఎక్కడో ఒకచోట పడేస్తాడు; కానీ అతని ఇంటి పన్ను వేరే పంచాయతీకి పోతుంది, జనాభా లెక్కలో అతని పేరు వేరే ఊరి పుస్తకంలో ఉంటుంది. కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసుతో వచ్చే గ్రాంటును పంచాయతీలకు పంచేటప్పుడు ప్రధానంగా చూసేది స్థిర నివాసుల సంఖ్యనే. డివిజన్ కేంద్రమైన ఊరు రోజూ మోసే జనభారానికి ఆ సూత్రంలో చోటు లేదు. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్న సామెత ఇలాంటి పంచాయతీలకు చక్కగా సరిపోతుంది.

పంచాయతీ విధులేమిటన్నది 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో స్పష్టంగానే ఉంది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామ స్థాయి పాలనకు రాజ్యాంగ హోదా కల్పించి, 29 అంశాల జాబితాను పదకొండో షెడ్యూలులో చేర్చగా, దానికి అనుగుణంగా వచ్చిన రాష్ట్ర చట్టం వీధుల నిర్మాణం, మరమ్మతు, వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త ఎత్తివేత, తాగునీటి బావులూ చెరువుల రక్షణ, శ్మశానాల నిర్వహణ, అంటువ్యాధుల నివారణ వంటి వాటిని పంచాయతీ తప్పనిసరి బాధ్యతలుగా పేర్కొంది. సర్పంచ్‌ను ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు, వార్డు సభ్యులు తమలో ఒకరిని ఉపసర్పంచ్‌గా ఎన్నుకుంటారు, జనాభాను బట్టి సభ్యుల సంఖ్య అయిదు నుంచి ఇరవై ఒకటి దాకా ఉంటుంది, సగం స్థానాలు మహిళలకు దక్కుతాయి. ఎన్నికైన పాలకవర్గానికి పక్కన 2019 అక్టోబర్ 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చి చేరాయి. ఇంజినీరింగ్ అసిస్టెంటు, డిజిటల్ అసిస్టెంటు, సర్వేయరు, ఆరోగ్య కార్యకర్త వంటి సిబ్బంది అందులో ఉన్నా, వారిలో చాలామంది జవాబు చెప్పుకోవలసింది సర్పంచ్‌కు కాదు, తమ తమ శాఖల పై అధికారులకు. ఊరి పెద్దగా ఓటు వేయించుకున్న వ్యక్తికి ఊళ్లో పనిచేసే ఉద్యోగి మీద పట్టు లేకపోవడం ఈ ఏర్పాటులో మొదటి నుంచీ ఉన్న లోపం.

ఆదాయం సంగతి ఇంకొంచెం వివరంగా చూడాలి. పంచాయతీకి సొంతంగా వచ్చేది ఇంటి పన్ను, కుళాయి రుసుము, సంతల్లోనూ బజార్లలోనూ వసూలు చేసే ఆశీలు, ప్రకటన బోర్డుల మీద పన్ను, దుకాణ సముదాయాల అద్దె. ఆశీలు వసూలు హక్కును ఏటా వేలం వేసి ఎక్కువ పాటదారుకు అప్పగించడం ఆనవాయితీ. వేలం తేదీని సరిగ్గా చాటించకపోతే పాటదారులు ముందే కూడబలుక్కుని తక్కువ మొత్తానికి పాడుకునే అవకాశం ఉంటుంది కనుక, దండోరా ఎప్పుడు వేశారో, పాట ఎంతకు పోయిందో అడగడం పౌరులు చేయగల అత్యంత సులువైన తనిఖీ. పైనుంచి వచ్చే సొమ్ములో పెద్దది ఆర్థిక సంఘం గ్రాంటు. 2021–22 నుంచి అయిదేళ్ల కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 40 శాతాన్ని పంచాయతీ తన అవసరం చూసుకుని ఖర్చు చేసుకునే వీలిచ్చారు. మిగిలిన 60 శాతాన్ని సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి మాత్రమే వాడాలని షరతు పెట్టారు. ముందే గిరి గీసిన ఈ 60 శాతానికి బంధిత నిధులని వాడుక.

ఈ సొమ్మైనా నిలకడగా వచ్చిందా అంటే అదీ లేదు. 2013లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో తీరిపోగా తిరిగి ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో, నాలుగు విడతలుగా; మధ్యలోని రెండున్నరేళ్లు పంచాయతీలను ప్రత్యేకాధికారులు నడిపారు, ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంతో కేంద్ర గ్రాంటులూ ఆగాయి. ఎన్నికలై సర్పంచులు కుర్చీల్లో కూర్చున్నాక, పంచాయతీల ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులను వీధి దీపాల, నీటి మోటార్ల కరెంటు బకాయిల కింద జమ వేసుకోవడంతో రాష్ట్రమంతటా సర్పంచులు రోడ్డెక్కారు. బకాయి ఉన్న మాట నిజమే కావచ్చు. అయినా ఖాతా ఎవరిదో వారిని అడగకుండా ఖాళీ చేయడం స్థానిక స్వపరిపాలన అనిపించుకోదు. పంచాయతీని ప్రభుత్వాలు ఏ దృష్టితో చూస్తూ వచ్చాయో తెలుసుకోవడానికి ఒక చిన్న అంకె చాలు: స్వాతంత్ర్య, గణతంత్ర దినోత్సవాలు జరుపుకోవడానికి చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250 రూపాయలు ఇచ్చే ఏర్పాటు దశాబ్దాల పాటు మారకుండా సాగి, 2024 ఆగస్టులో గానీ అది 10,000కూ 25,000కూ పెరగలేదు. పిల్లలకు పంచే చాక్లెట్లకు కూడా ఆ 250 చాలదు. జెండా పండుగ ఖర్చు ఇన్నాళ్లూ ఎవరి జేబులోంచి వచ్చిందో ఊహించుకోవచ్చు.

నివాసుల వైపు నుంచి చూస్తే ఇబ్బంది మరో రూపంలో కనిపిస్తుంది. ఇలాంటి ఊళ్ల ప్రధాన వీధిలో నిలబడిన మనిషి కాలి కింది రోడ్డు రోడ్లు భవనాల శాఖది; తల మీది తీగ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థది; దాన్ని మోసే స్తంభం కూడా ఆ సంస్థదే, దానికి వేలాడే దీపం మాత్రం పంచాయతీది. రైలు పట్టాల వెంట కల్వర్టు పూడిపోతే రైల్వేను అడగాలి, పెద్ద నీటి పథకం గొట్టం పగిలితే గ్రామీణ నీటి సరఫరా విభాగాన్ని అడగాలి, చెరువు గట్టునో గెడ్డ పోరంబోకునో ఎవరైనా ఆక్రమిస్తే తహసీల్దారు కచేరీకి వెళ్లాలి. వాన పడి వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయంటే వీటిలో కనీసం నాలుగు శాఖలకు అందులో వాటా ఉంటుంది, ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు ఒకరు మరొకరిని చూపిస్తారు. తిట్లు తినేది మాత్రం సర్పంచే, ఎందుకంటే సాయంత్రం ఇంటికి వెళ్లి తలుపు తట్టదగిన మనిషి అతనొక్కడే.

ఉత్తరాంధ్రలో ఊళ్లకు ఆధారం చెరువులు, బందలు, గెడ్డలు. కొండ మీది వాన నీళ్లను గెడ్డలు దించుకుని వస్తే చెరువులూ బందలూ నిలుపుకునేవి. ఊరు పెరిగేకొద్దీ ఇళ్ల స్థలాల బేరం మొదలవుతుంది, పొలం లేఅవుటుగా మారుతుంది, నీరు పారే దారి ప్లాట్ల మధ్య సన్నని కాలువగా మిగిలి ఆ తరువాత కనబడకుండా పోతుంది. లేఅవుటు వేసినవారు రోడ్లతో పాటు స్థలంలో పదో వంతును ఖాళీగా విడిచి పంచాయతీ పేరిట రాసివ్వాలని నిబంధన ఉంది. అనుమతి లేకుండా వేసిన లేఅవుట్లలో ఈ రాసివ్వడం జరగదు. కొన్నాళ్లకు అక్కడ ఇల్లు కట్టుకున్న కుటుంబం పంచాయతీ గుమ్మం ఎక్కి కాలువ కావాలని అడుగుతుంది, కాలువ తవ్వడానికి పంచాయతీ పేరిట అడుగు నేల ఉండదు. తప్పు చేసిన వ్యాపారి అప్పటికే సొమ్ము చేసుకుని వెళ్లిపోయి ఉంటాడు. ప్లాటు కొనేటప్పుడు ధర మీద పెట్టే శ్రద్ధలో కొంత ఆ రాసిచ్చిన దస్తావేజు మీద పెడితే ఇలాంటి వీధుల కష్టాల్లో సగం ముందే తప్పుతాయి.

ఈ విషయాలన్నీ సౌకర్యాల గొడవలుగా కనిపించవచ్చు. అవి ప్రాణాల మీదికి ఎలా వస్తాయో చీపురుపల్లి నియోజకవర్గంలోనే ఉన్న గుర్ల చూపించింది. 2024 అక్టోబర్‌లో మండల కేంద్రమైన ఆ ఊళ్లో అతిసారం ప్రబలి వందల మంది మంచాన పడ్డారు. ఊళ్లోని బడిలోనే వైద్య శిబిరం నడపవలసి వచ్చింది. మరణాల సంఖ్య మీద వేర్వేరు లెక్కలు వినిపించాయి. పంచాయతీరాజ్ శాఖను కూడా చూస్తున్న ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ 21వ తేదీన ఊరికి వచ్చి పది కుటుంబాలకు సొంతంగా లక్ష రూపాయల చొప్పున సాయం ప్రకటించారు, సీనియర్ ఐఏఎస్ అధికారి కె. విజయానంద్‌తో విచారణ జరిపించారు. కలుషితమైన తాగునీరు, కారుతున్న గొట్టాలు, ఆరుబయట మలవిసర్జన – ఈ మూడింటి చుట్టూనే చర్చ నడిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు, మండలాల్లో ట్యాంకుల శుభ్రతకూ నీటి పరీక్షలకూ అప్పుడు హడావిడి మొదలైంది.

కుళాయి నీరు ఎలా చెడుతుందో కొంచెం దగ్గరగా చూడవలసిన విషయం. చిన్న పట్టణాల్లో నీళ్లు రోజంతా రావు; పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు వదులుతారు. నీళ్లు వదిలినప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి అతుకు దగ్గర చిల్లు ఉన్నా నీరు బయటికే కారుతుంది. సరఫరా ఆపగానే గొట్టం ఖాళీ అవుతూ లోపల ఒత్తిడి పడిపోతుంది. గొట్టం మురుగు కాలువ గుండా పోతూ ఆ చిల్లు మురుగులో మునిగి ఉంటే, ఇంతకు ముందు బయటికి కారిన దారిలోనే మురుగు లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలోకి వచ్చేది అదే. ఎత్తైన ట్యాంకులో ఎంత శుభ్రంగా మందు కలిపినా, వీధిలో ఈ ఒక్క అతుకు దాన్ని వమ్ము చేస్తుంది. కాలువలో మునిగి పోతున్న కుళాయి గొట్టాన్ని పైకి ఎత్తించి వేయించడం ఒక్క పూట పని. పంచాయతీ చేయగల పనుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది మరొకటి ఉండదు.

మందు లెక్క కూడా రహస్యం కాదు. మంచి బ్లీచింగ్ పొడిలో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. వెయ్యి లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల పొడి సుమారుగా సరిపోతుంది, అంటే 60,000 లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. నీటిలో కలిపాక అరగంట ఆగాలి. ఆ తరువాత వీధి చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. చిన్న గాజు గొట్టంలో నీరు పట్టి పరీక్ష ద్రావణం చుక్కలు వేసి, మారిన రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి నిమిషంలో తేల్చుకోవచ్చు. మూట విప్పి నెలల తరబడి గదిలో పడేసిన పొడిలో క్లోరిన్ ఎగిరిపోయి సున్నం మిగులుతుంది, కలిపినట్లు రిజిస్టరులో రాత ఉంటుంది, నీటిలో బలం ఉండదు. అందుకే ట్యాంకు కడిగిన తేదీ ట్యాంకు మీద రాయించడం ఎంత అవసరమో, చివరి కుళాయి దగ్గర పరీక్ష చేయించడం అంతకంటే అవసరం.

ఇలాంటి ఊళ్లలో ప్రతి ఇబ్బందికీ మందుగా వినిపించే మాట పురపాలక హోదా. రాజ్యాంగంలోని 243-క్యూ అధికరణం గ్రామం నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతానికి నగర పంచాయతీని, చిన్న పట్టణానికి పురపాలక సంఘాన్ని, పెద్ద నగరానికి నగరపాలక సంస్థను నిర్దేశించింది. తెలుగు నేలకు పురపాలన కొత్తది కాదు. భీమునిపట్నానికి 1861లో, విజయనగరానికి 1888లో పురపాలక సంఘాలు వచ్చాయి. 2019 నుంచి 2022 దాకా రాష్ట్ర పురపాలక శాఖ మంత్రిగా ఉన్న బొత్స సత్యనారాయణ అప్పట్లో చీపురుపల్లి శాసనసభ్యుడే అయినా, ఆయన నియోజకవర్గంలోని నాలుగు మండలాల్లో ఒక్క పురపాలక సంఘమైనా లేకపోవడం చమత్కారంగా తోచే సంగతి.

హోదా వస్తే లాభాలున్న మాట నిజం. పల్లెకు జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లయితే, భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణానికి లెక్క 135 లీటర్లు. మురుగు వ్యవస్థ లేని పట్టణానికి 70. ఇంజినీర్లు, పారిశుద్ధ్య అధికారులు, పట్టణ ప్రణాళిక సిబ్బంది విడిగా వస్తారు. నష్టాల గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. గ్రామీణ ఉపాధి హామీ పని పట్టణ నివాసులకు ఉండదు. ఊరి చివరి పేటల్లో ఇంకా కూలి మీద బతికే కుటుంబాలకు ఇది చిన్న దెబ్బ కాదు. పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాక స్థలం, కట్టడాల మూలధన విలువ మీద కడుతున్నారు, ఏటా పెంపు 15 శాతం మించకూడదన్న హద్దు ఉన్నా పన్ను పెరిగే దారిలోనే ఉంటుంది. అదే ఏడాది అక్టోబర్‌లో పట్టణాల్లో చెత్త మీద నెలవారీ రుసుము పెట్టి, జనం మొరాయించగా 2024లో రద్దు చేయవలసి వచ్చిన సంగతీ తెలిసిందే.

వీటన్నిటి కంటే పెద్ద నష్టం వేరే ఉంది. పురపాలక సంఘంలో గ్రామసభ ఉండదు. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో మాత్రమే వార్డు కమిటీలను రాజ్యాంగం తప్పనిసరి చేసింది. చీపురుపల్లి వంటి ఊరు పురపాలక సంఘమైతే సామాన్య ఓటరు స్వయంగా లేచి నిలబడి ప్రశ్నించే చట్టబద్ధమైన వేదిక పోయి, కౌన్సిలర్ నోటి మీద ఆధారపడవలసి వస్తుంది. ఆ కౌన్సిలరైనా ఉంటాడన్న భరోసా లేదు. నెల్లిమర్ల, జరజాపుపేటలను కలిపి 2013లో నగర పంచాయతీ చేస్తే దానికి తొలి ఎన్నిక 2021 మార్చిలో గానీ జరగలేదు. 2005లోనే నగర పంచాయతీ అయిన రాజాంలో 2014లోనూ, 2021లోనూ పురపాలక ఎన్నికలు జరగలేదు. బోర్డు మారి, సర్పంచ్ పోయి, కౌన్సిలర్ రాక, ప్రత్యేకాధికారి సంతకంతో ఏళ్లకు ఏళ్లు నడిచిన ఈ ఊళ్లు చీపురుపల్లికి దగ్గరివే. హోదా కోసం తొందరపడేవారు ఈ రెండు ఊళ్ల అనుభవాన్ని ముందుగా పరిశీలించడం మంచిది.

మధ్యే మార్గంగా 2025లో రాష్ట్ర ప్రభుత్వం పంచాయతీల వర్గీకరణను మార్చింది. అంతకు ముందు చిన్న పంచాయతీలను గుదిగుచ్చి క్లస్టర్లుగా నడుపుతుండగా వాటిని తీసేసి 13,351 పంచాయతీలను విడివిడి యూనిట్లు చేసి, వాటిలో పెద్దవైన 359ని రూర్బన్ పంచాయతీలుగా గుర్తించింది. పల్లెకూ పట్టణానికీ మధ్య నలుగుతున్న ఊళ్లకు పట్టణ తరహా సిబ్బందిని ఇస్తూనే వాటిని పంచాయతీరాజ్ చట్టం కిందే ఉంచడం ఈ ఆలోచనలోని సారం. గ్రామసభను పోగొట్టుకోకుండా సిబ్బందిని సంపాదించుకునే ఏర్పాటు కాబట్టి, అమలు ఎంత నెమ్మదిగా ఉన్నా, చీపురుపల్లి పరిమాణంలో ఉన్న ఊళ్లకు పురపాలక హోదా కన్నా ఇదే మేలైన దారి.

అయితే ఆ గ్రామసభ నిజంగా జరుగుతోందా అన్నది మరో ప్రశ్న. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే. ఏడాదికి కనీసం రెండుసార్లు అది సమావేశమై గడచిన ఏడాది జమాఖర్చులనూ ఆడిట్ నివేదికనూ, వచ్చే ఏడాది పనుల ప్రతిపాదననూ, కొత్త పన్నులనూ, పథకాల లబ్ధిదారుల జాబితానూ చర్చించాలి. సభ జరపని సర్పంచ్ పదవికే ముప్పు తెచ్చే నిబంధన కూడా చట్టంలో ఉంది. ఇంత బలమైన సభ చాలా ఊళ్లలో పది మంది సంతకాలతో, బెంచీ మీద తిప్పిన రిజిస్టరుతో ముగిసిపోతూ వచ్చింది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు జరిపించి, అక్కడ చేసిన తీర్మానాల ఆధారంగా అక్టోబర్ 14 నుంచి పల్లె పండుగ పేరుతో సుమారు 4,500 కోట్ల రూపాయల అంచనాతో 30,000 పనులు మొదలుపెట్టారు. ఆ రోజు కూర్చున్న సభలో వీధి పేరు, పని పేరు తీర్మానంలోకి ఎక్కించుకున్నవారికి సిమెంటు రోడ్డో కాలువో వచ్చే అవకాశం కలిగింది. ఇంట్లో కూర్చున్నవారికి అది లేదు.

బయటి ప్రపంచంలో బ్రెజిల్ దేశపు పోర్తో అలెగ్రి నగరం 1989 నుంచి పేటల వారీగా నివాసులను కూర్చోబెట్టి బడ్జెట్‌లో ఏ పని ముందు చేయాలో వారి చేతే నిర్ణయింపజేసిన తీరు పెద్ద పేరు తెచ్చుకుంది. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ వరంగల్ దగ్గరి గంగదేవిపల్లి. నీటికొక కమిటీ, పారిశుద్ధ్యానికొక కమిటీ, పన్ను వసూలుకొక కమిటీ వేసుకుని నూటికి నూరు శాతం ఇంటి పన్ను కట్టిన ఊరది. అది చిన్న పల్లె. ఒకరినొకరు ఎరిగిన నాలుగు వీధుల ఊళ్లో సాధ్యమైనది అద్దె ఇళ్లూ, బదిలీ ఉద్యోగులూ, దినమంతా వచ్చిపోయే జనమూ ఉన్న చీపురుపల్లిలో అచ్చంగా అలాగే సాగదు. అయితే ఊరంతటికీ కుదరనిది వార్డుకు కుదురుతుంది; వార్డు సభ్యునికి తెలియని ఇల్లు వార్డులో ఉండదు.

ఒక వీధి సమస్య తీర్మానంగా మారే దారి ఇలా ఉంటుంది. నివాసులు కాగితం మీద రాసి సచివాలయంలో ఇచ్చి, అందినట్లు తేదీతో రసీదు తీసుకోవాలి. అదే విషయాన్ని వార్డు సభ్యుని ద్వారా నెలవారీ పంచాయతీ సమావేశం ఎజెండాలోకి ఎక్కించాలి. పని పెద్దదైతే గ్రామసభలో లేవనెత్తి వార్షిక గ్రామాభివృద్ధి ప్రణాళికలో చేర్పించాలి. ప్రణాళికలో లేని పనికి ఆర్థిక సంఘం సొమ్ము ఖర్చు పెట్టడం కష్టం కాబట్టి ఈ చివరి మెట్టే అసలైనది. ప్రణాళికా, చెల్లించిన బిల్లులూ 2020 నుంచి ఈ-గ్రామ స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. ఫోనులో పంచాయతీ పేరు కొట్టి ఏ పనికి ఎంత ఖర్చు రాశారో చూసి, ఆ పని వీధిలో ఉందో లేదో నడిచి వెళ్లి సరిచూసుకోవచ్చు. పంచాయతీ పరిధిలో లేని పని అయితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లాలి. సమాచారం దాస్తే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలి.

ఇంటి పన్ను బకాయి ఉన్నవారు ఈ ప్రశ్నలు అడగడానికి వెనుకాడతారు, పంచాయతీ కూడా ఆ బకాయిని చూపి నోరు మూయిస్తుంది. పన్ను కట్టి రసీదు జేబులో పెట్టుకుని సభకు వెళ్లడం అందుకే ఉత్తమం. మురుగులో మునిగిన గొట్టాన్ని పైకి తీయించడానికి, చివరి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేయించడానికి, ఆశీలు పాట ఎంతకు పోయిందో చదివించుకోవడానికి, లేఅవుటు ఖాళీ స్థలం పంచాయతీ పేరిట ఉందో లేదో తేల్చుకోవడానికి ఇప్పుడున్న చట్టం, ఇప్పుడున్న సర్పంచ్, ఇప్పుడున్న గ్రామసభ చాలు. పురపాలక హోదా వచ్చే దాకా ఆగవలసిన పని వీటిలో ఒక్కటీ లేదు.